చప్పుడు చేయని కెమెరా

ఆదివారం ఉదయం ఆరు గంటలకు త్రిమూర్తులు వేసుకున్న పథకం చాలా చిన్నది. పెళ్లి మొత్తం పాత కెమెరాతో తీయాలి. భోజనాల దగ్గర, ఎవరూ పట్టించుకోని సమయంలో, కొత్త కెమెరా బయటికి తీసి నాలుగు ఫొటోలు కొట్టి చూడాలి. బాగుంటే ఆలోచించాలి. లేకపోతే సోమవారం దాన్ని రాజమండ్రి తీసుకెళ్లి గణేష్‌బాబు కొట్లో ఇచ్చేసి, ఆ ఊసు మళ్లీ ఎత్తకూడదు.

పెద్దాపురంలో అతని స్టూడియో వయసు ఇరవై నాలుగేళ్లు. అన్నేళ్లూ ఒకే కంపెనీ కెమెరాలు, ఆ కంపెనీ లెన్సులే. ఊళ్లో మిగతా ఫొటోగ్రాఫర్లు ఒకరి వెనక ఒకరు, లోపల అద్దం లేని కొత్తరకం కెమెరాలకు మారిపోయారు. త్రిమూర్తులు మారలేదు. కెమెరా మారితే లెన్సులన్నీ మారాలి. మీటలన్నీ చోటు మారతాయి. ఎవరి పెళ్లిలోనో తాళి కట్టే క్షణాన వేలు తడబడితే ఆ క్షణాన్ని వెనక్కి తేవడం ఎవరి తరమూ కాదు. ఎనిమిది నెలలుగా రెండు రకాలనూ పోల్చి చెప్పే వీడియోలు చూస్తున్నాడు. ప్రతి వీడియో చివరా ఇంకాస్త భయపడి లేస్తున్నాడు.

మారకుండా ఉండటానికీ భయమే. యాభై రెండో ఏట అతని కుడికన్ను మసకబారడం మొదలైంది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. కాని ఆల్బమ్‌లు తయారుచేసేది అతని భార్య ఉషారాణి. ప్రతి ఫొటో కంప్యూటర్‌లో ఆమె కళ్ల ముందు నుంచే పోవాలి. మసకగా వచ్చినవాటిని మాట్లాడకుండా పక్కకు తీసేసి, మిగిలినవాటితో ఎలాగో పేజీలు నింపుతూ వచ్చింది. కిందటి నెలలో ఒక పెళ్లిలో తాళి ఫొటోలు పదకొండు తీస్తే ఒక్కటే స్పష్టంగా ఉంది. ఆ రోజే ఆమె గణేష్‌బాబుకి ఫోన్ చేసి, కొత్త కెమెరా మూడు రోజులు వాడి చూడటానికి ఇమ్మని అడిగింది. మొన్న శుక్రవారం అది చేతికొచ్చింది. మనిషి కన్ను ఎక్కడుందో ఆ కెమెరా తనే వెతికి పట్టుకుంటుందట.

"ఒక్కసారి చేత్తో పట్టుకుని చూడండి. అదేం కరవదు," అంది ఆమె సంచి సర్దుతూ.

పెళ్లి బంగార్రాజు గారి అమ్మాయి దేవిశ్రీది. సామర్లకోట రోడ్డులో ఆయనకు కొబ్బరితోట, పదెకరాల పొలం ఉన్నాయి. పెళ్లికొడుకు వీరబాబుది తుని. ముహూర్తం పది గంటల నలభై రెండు నిమిషాలకు. ఎనిమిదింటికి కల్యాణమండపంలో గౌరీపూజ మొదలైంది. త్రిమూర్తులు పాత కెమెరా మెడలో వేసుకుని మీట తిప్పాడు. అది వెలగలేదు. అడుగున మూత తెరిచి చూస్తే బ్యాటరీ లేదు. అదనపు బ్యాటరీ ఉండే జేబూ ఖాళీయే.

ఇంటికి ఫోన్ చేశాడు. రెండూ ఛార్జర్‌లోనే ఉండిపోయాయని, తనే మర్చిపోయానని ఉషారాణి చెప్పింది. మర్చిపోయినవాళ్ల గొంతులో ఉండాల్సిన కంగారు ఆ గొంతులో అతనికి వినపడలేదు. వచ్చి తీసుకెళ్తానన్నాడు. పూజ మొదలెట్టాక పంతులు గారు ఆగరు కదండీ, కొత్తదాంట్లో బ్యాటరీ నిండుగా ఉంది అని చెప్పి ఆమె ఫోన్ పెట్టేసింది.

గత్యంతరం లేక త్రిమూర్తులు కొత్త కెమెరా తీశాడు. పీటల మీద దేవిశ్రీ, వెనక బంగార్రాజు గారు, ఆయన భార్య రామలక్ష్మి గారు. కెమెరా కంటికి ఆనించగానే పెళ్లికూతురి కన్ను మీద చిన్న ఆకుపచ్చ గడి వచ్చి నిలబడింది. మీట నొక్కాడు. ఏ చప్పుడూ రాలేదు. మళ్లీ నొక్కాడు. అదే నిశ్శబ్దం. వెనక తెర మీద చూస్తే రెండు ఫొటోలూ ఉన్నాయి. దేవిశ్రీ కనురెప్పల వెంట్రుకలు విడివిడిగా లెక్కపెట్టొచ్చు.

అయితే ఆ సంగతి అతనికొక్కడికే తెలుసు. ఇన్నేళ్లుగా పెళ్లి పీటల మీద కూర్చున్నవాళ్లకు ఫొటో అంటే 'ఠప్' అనే చప్పుడు. అది వినపడేదాకా కదలకూడదు. బంగార్రాజు గారు నవ్వు పెట్టుకుని అలాగే నిలబడ్డారు. రామలక్ష్మి గారు కూతురి భుజం మీద వేసిన చెయ్యి తీయలేదు. పంతులు గారు ఎత్తిన హారతి పళ్లెం దించలేదు. కర్పూరం కాలి, చిన్నదై, ఆరిపోయింది.

"అయిపోయిందండి. అంతా అయిపోయింది," అన్నాడు త్రిమూర్తులు కంగారుగా.

ముందు వరసలో కుర్చీలో ఉన్న పెద్దావిడ ఉలిక్కిపడింది. ఆవిడ బుల్లెమ్మ గారు, పెళ్లికొడుకు నాయనమ్మ. శుభమా అని గౌరీదేవి దగ్గర కూర్చుంటే ఏంటా మాట అని నెమ్మదిగా, కాని అందరికీ వినపడేలా అడిగారు. త్రిమూర్తులు చేతులు జోడించాడు. ఇక ఆ మాట కూడా వాడటానికి లేదు.

పావుగంటలో తునివాళ్ల మధ్య గుసగుసలు మొదలయ్యాయి. ఫొటోగ్రాఫర్ కెమెరా పాడైందని ఒకరు, అసలు అందులో ఏమీ పడటం లేదని ఇంకొకరు. చివరికి అది, పెళ్లికూతురివాళ్లు మనల్ని లెక్కచేయక ఎవరినో పిలిపించారనే దాకా వెళ్లింది. బంగార్రాజు గారు త్రిమూర్తులును స్తంభం పక్కకు తీసుకెళ్లారు.

"ఫొటోలు పడతన్నాయాండి, లేదా? తునోళ్ల ముందు నా తల తియ్యకండి."

త్రిమూర్తులు తెర చూపించాడు. ఆయనకు నమ్మకం కుదిరింది గాని, నూటయాభై మందికీ పేరుపేరునా చూపించలేం కదా, వాళ్లు నమ్మేలా ఏదోటి చెయ్యండి అని చెప్పి వెళ్లిపోయారు. చప్పుడు పెట్టే మీట ఎక్కడుందో అడుగుదామంటే గణేష్‌బాబు ఫోన్ ఎత్తలేదు. కెమెరాలో వెతికితే చీమల బారులాంటి చిన్న అక్షరాలు. అతని కంటికి ఆనలేదు. ఏదో నొక్కితే, ఫొటోలన్నీ చెరిపెయ్యమంటావా అని తెర నిండా అడిగింది. గబుక్కున వెనక్కి వచ్చేశాడు.

పెళ్లికొడుకును పీటల మీద కూర్చోబెట్టి కాళ్లు కడుగుతున్నారు. బంగార్రాజు గారు ఒంగినవారు ఒంగినట్టే ఆగి, త్రిమూర్తులు వైపు చూస్తున్నారు. ఆయన నడుము గురించి ఆలోచిస్తే భయమేసింది. ఏం చేయాలో తోచక త్రిమూర్తులు మీట నొక్కుతూ, నాలుకను అంగిటికి ఆనించి వదిలాడు. 'టక్' మంది. బంగార్రాజు గారు లేచారు. తునివాళ్ల ముఖాలు తేటపడ్డాయి. ఆ తర్వాత పది నిమిషాలకు వేలు కదిలితే చాలు, నాలుక దానంతటదే పలకడం మొదలెట్టింది. త్రిమూర్తులుకి ఆ ఉదయం మొదటిసారి కాస్త ధైర్యం వచ్చింది.

అప్పుడు బుల్లెమ్మ గారు చెయ్యెత్తారు.

"ఆగండి. బల్లి పలికింది."

చుట్టూ ఉన్న ఆడవాళ్లు వేళ్లతో కుర్చీ చేతుల మీద తట్టి "కృష్ణ, కృష్ణ" అనుకున్నారు. త్రిమూర్తులుకి ఇంకా తలకెక్కలేదు. వెలుగు కోసం మండపానికి దక్షిణం వైపు వెళ్లి రెండు ఫొటోలు తీశాడు. అక్కడి నుంచి రెండుసార్లు 'టక్' మంది. బుల్లెమ్మ గారు లేచి నిలబడ్డారు. ఆవిడ ముఖం తెల్లగా పాలిపోయింది. అది చూశాక గాని, ఆవిడ వింటున్న బల్లి ఎవరో అతనికి అర్థం కాలేదు.

తునిలో బుల్లెమ్మ గారి మాటకు ఎదురు లేదని, బల్లి ఏ దిక్కున పలికితే ఏం జరుగుతుందో ఆవిడ చెప్పినట్టు ఎవరూ చెప్పలేరని వెనక ఎవరో అంటున్నారు. ఆవిడ గొంతులో మాత్రం పెత్తనం లేదు. భయం ఉంది.

"నా పెళ్లికీ ఇలాగే దక్షిణాన పలికింది. మా అమ్మ వింది, మిగతావాళ్లు నవ్వారు. మూడేళ్లకే ఆయన పోయారు. ఈ పిల్లకి ఆ గతి నేను పట్టనివ్వను."

పంతులు గారు మంత్రం ఆపేశారు. ముందు ఆ బల్లి ఉందో లేదో, ఉంటే ఏ దిక్కున ఉందో తేల్చమన్నారు పెద్దలు. మగపిల్లలు నిచ్చెన తెచ్చారు. ఒకరు చీపురుతో దూలాల మీద తడిమారు. బంతిపూల దండలు నాలుగు ఊడిపడ్డాయి. గడియారం పదీ ఇరవై చూపిస్తోంది.

త్రిమూర్తులు నాలుక పళ్ల మధ్య బిగించి ఒక మూల నిలబడ్డాడు. వీడియో తీసే అమ్మిరాజు అతని పక్కకు వచ్చాడు. ఇద్దరూ పదేళ్లుగా కలిసి పెళ్లిళ్లు చేస్తున్నారు.

"గురువుగారూ, ఆ బల్లి మీరేనా?" అని చెవిలో అడిగాడు.

త్రిమూర్తులు తలూపాడు.

"చెప్పకండి. చెబితే మనిద్దరికీ భోజనం పెట్టరు."

కాని చెప్పకుండా ఉండటం త్రిమూర్తులు వల్ల కాలేదు. కెమెరా ఎత్తి చూస్తే దేవిశ్రీ తల వంచుకుని ఉంది. ముక్కు చివర నుంచి ఒక కన్నీటిబొట్టు పట్టుచీర మీద పడింది. వీరబాబు పక్కకు వంగి ఆమెతో ఏదో అన్నాడు. ఆమె తల ఎత్తలేదు. ఇరవై నాలుగేళ్లలో చెడిపోయిన ఫొటోలు ఎన్నో ఉండొచ్చు గాని, చెడగొట్టిన పెళ్లి ఒక్కటీ లేదు. అతను బుల్లెమ్మ గారి వైపు నడిచాడు. ఏం చెప్పాలో వరస కూర్చుకున్నాడు. తర్వాత ఈ ఊళ్లో తనను పెళ్లికి పిలిచేవాళ్లు ఉండరని తెలుసు. తునిలో అసలే ఉండరు.

అతనికంటే ముందు బంగార్రాజు గారు ఆవిడ దగ్గరికి చేరారు. చేతులు జోడించారు. ఎప్పుడూ గట్టిగా మాట్లాడే మనిషి, నెమ్మదిగా అన్నారు.

"నాకు బల్లుల సంగతి తెలీదమ్మా. మీ వీరబాబు మంచోడు. వాడి చేతుల్లో నా కూతురు సుఖంగా ఉంటదని నమ్మే ఇస్తన్నాను."

ఆయన కళ్లలో నీళ్లు నిలిచాయి. ఆ ముఖాన్ని చూస్తే ఏ ఫొటోగ్రాఫరూ చేతులు కట్టుకుని నిలబడలేడు. త్రిమూర్తులుకి తెలియకుండానే కెమెరా కంటికి వెళ్లింది. ఆకుపచ్చ గడి ఆయన కన్ను మీద వాలింది. వేలు నొక్కింది. నాలుక తన పని తాను చేసింది.

'టక్'.

త్రిమూర్తులు ఇక అయిపోయిందనుకుని కళ్లు మూసుకున్నాడు.

"సత్యం," అన్నారెవరో.

"సత్యం, సత్యం," అన్నారు ఆడవాళ్లంతా.

కళ్లు తెరిచేసరికి బుల్లెమ్మ గారు చూపుడువేలు గాలిలో ఉంచి దిక్కు చూసుకుంటున్నారు. అతను నిలబడ్డది ఈశాన్యం. మాట పూర్తవగానే, ఈశాన్యం నుంచి, ఒకేసారి పలికిందని ఆవిడ లెక్కకట్టారు. ముందు పలికినవన్నీ ఈ మాట కోసం ఎదురుచూసి పలికినవేనని తేల్చారు. తర్వాత దేవిశ్రీ దగ్గరికి వెళ్లి, పమిట చెంగుతో ఆమె కళ్లు తుడిచి, కుర్చీలో కూర్చున్నారు.

"కానివ్వండి పంతులు గారూ. వేళవుతోంది."

పదీ ముప్పై తొమ్మిది. త్రిమూర్తులు అమ్మిరాజు దగ్గర రెండు వక్కపలుకులు అడిగి బుగ్గన పెట్టుకున్నాడు. నాలుకకు వేరే పని ఉండాలి. జీలకర్ర బెల్లం, తాళి, తలంబ్రాలు ఏ చప్పుడూ లేకుండా తీశాడు. ఇప్పుడు ఎవరికీ చప్పుడుతో పని లేదు. మండపంలో ఉన్నవాళ్లంతా తలలెత్తి బల్లి కోసం పైకి చూస్తున్నారు.

ఆ సాయంత్రం ఫొటోలన్నీ కంప్యూటర్‌లో పడ్డాయి. ఉషారాణి ఒక్కొక్కటే చూస్తూ వెళ్లింది. ఒక్కటి కూడా పక్కకు తీయలేదు. తాళి కట్టే ఫొటోలో రెండు కుటుంబాలూ కప్పు వైపు చూస్తుంటే, పెళ్లికొడుకూ పెళ్లికూతురూ మాత్రం ఒకరినొకరు చూసుకుని నవ్వు ఆపుకుంటున్నారు. ఇంత మంచి తాళి ఫొటో మీరెప్పుడూ తియ్యలేదండి అంది ఆమె. బ్యాటరీలు నిజంగానే మర్చిపోయావా అని అడిగాడు త్రిమూర్తులు. ఆమె తర్వాతి ఫొటోకి వెళ్లింది.

అంత బాగున్నా అతని భయం పోలేదు. రాత్రి పడుకుని లేచేసరికి ఇంకో నాలుగు భయాలు చేరాయి. సోమవారం పొద్దున కెమెరా తిరిగి ఇచ్చేద్దామని సంచి భుజాన వేసుకున్నాడు. గుమ్మం దాటుతుండగా బంగార్రాజు గారి ఫోన్ వచ్చింది. ఆల్బమ్ మొదటి పేజీలో ఆ బల్లి ఫొటో ఉండాలని బుల్లెమ్మ గారు కబురు పెట్టారట. అన్ని వైపులా తిరిగారు కదండీ, ఎక్కడో ఒకచోట పడే ఉంటది, వెతకండి అన్నారు ఆయన.

త్రిమూర్తులు సంచితో సహా మెట్ల మీద కూలబడ్డాడు. ఉషారాణి కాసేపు ఆలోచించి స్టూడియో గోడ వైపు చూపించింది. ట్యూబులైటు పక్కన ఒక బల్లి ఉంది. త్రిమూర్తులు పాత కెమెరాలో బ్యాటరీ వేసి గురి చూసి నొక్కాడు. 'ఠప్' మంది. బల్లి క్యాలెండర్ వెనక్కి పోయింది. అరగంట కుర్చీలో కదలకుండా కూర్చుని, బయటికి వచ్చాక మళ్లీ నొక్కాడు. ఈసారి బీరువా వెనక్కి పోయింది. మూడోసారి కొత్త కెమెరా తీశాడు. ఆకుపచ్చ గడి వెళ్లి బల్లి కన్ను మీద కూర్చుంది. ఇరవై ఫొటోలు తీసినా అది కదలలేదు.

మధ్యాహ్నం అతను గణేష్‌బాబుకి ఫోన్ చేసి, కెమెరా ఉంచేసుకుంటున్నానని చెప్పాడు. దాంట్లో ఏం నచ్చిందని గణేష్‌బాబు అడిగితే, వన్యప్రాణులకు చాలా బాగుందన్నాడు.