ముద్దుకృష్ణప్ప ఒక బీడీని జయించిన వైనం

ఎర్రని టమోటా తట్టలతో సంధ్యారాగాన్నే సిగ్గుపరచే మదనపల్లె మహాపట్టణంలో, రెండువేల మూడో సంవత్సరం ఆషాఢ సోమవారం, పగలు పదకొండు గంటల శుభముహూర్తాన జరిగిన ఘోరసంగ్రామం ఇది. చెవులొగ్గి వినండి.

కథానాయకుడు చౌడేపల్లె ముద్దుకృష్ణప్ప. నలభై ఏండ్ల ధూమపాన దీక్షాదురంధరుడు, దినానికి రెండు బీడీకట్టలను భస్మీపటలం చేసే ప్రళయకాలరుద్రుడు. పోయిన నెల చేని గట్టెక్కుతుంటే ఆయన ఎద పట్టేసింది. ఆసుపత్రిలో డాక్టరమ్మ బీనా రక్తనాళాంతర్గత యుద్ధరహస్యం విప్పింది.

"గుండెకు నెత్తురు తెచ్చే గొట్టంలో గోడ వాచిందప్పా. వాచిన గోడ కొక్కేలు బయట పెడుతుంది. దోవన పోయే తెల్లకణాలు వాటికి తగులుకొని, అతుక్కొని, లోపలికి దూరి, ఆడుండే కొవ్వు తిని ఉబ్బిపోతాయి. దోవ ఇరుకైపోతుంది."

అతుక్కోవడమన్న మాట విన్నదే తడవు, వీరుడు భీషణప్రతిజ్ఞ చేశాడు. రాగిసంగటిని త్యజించాడు. బెండకాయను బహిష్కరించాడు. పనసతొన వాసననైనా ఇంటి గడప తొక్కనీయలేదు. బీడీ పొడి వస్తువు, అది యాడ అతుక్కుంటుందని, దాన్ని మాత్రం వదల్లేదు.

నెల తిరిగి మళ్లీ పోతే డాక్టరమ్మ తల పట్టుకుంది.

"సంగటి నిన్నేం చేసిందప్పా? ఆ గోడను వాచేట్టు చేసేది నీ బీడీ పొగ! ఇంకోతూరి నొప్పొస్తే నా చేతిలో ఏమీ ఉండదు. ఈ పొద్దే మానాల."

బయటికొచ్చి, భార్య సిద్దమ్మతో బస్టాండు చేరాడు. పుంగనూరు బస్సుకు ఇరవై నిమిషాలుంది. చెవి మీద ఒక బీడీ మిగిలింది. అంతలో ఊరి గొర్రెల బేరగాడు కుప్పుస్వామి ఎదురై, అగ్గిపుల్ల గీసి ముందుకు చాపాడు.

"ముట్టీప్పా. బస్సు యాడొస్తాది ఇప్పుడే!"

సిద్దమ్మ అటు తిరిగి కూర్చునే అంది.

"ముట్టించుకోనీలేన్నా. రేపు కొడుకు ఎట్లాగూ ముట్టిస్తాడు గదా, ఈయనకు తొందర."

అంతట, సేనాని ఆనతి లేకనే కదిలిన మదగజం వలె ఆయన కుడిచేయి లేచి, చెవిని చేరి, బీడీని పట్టి, పెదవుల కోటద్వారం దాకా నడిచి, అక్కడ నిలువగా, వీరుడు లోలోపల గర్జించాడు: "ఓసీ తునికాకు చీర కట్టిన ధూమకన్యా! నలువది వసంతములు నా పెదవిపై కొలువుదీరితివి! నా నెత్తుటి కోటగోడలను వాచజేసి, నా కావలిభటులనే నాపై ఉసిగొల్పితివి! నేడు నీవో, నేనో!"

పైకి మాత్రం, "వద్దులేప్పా" అన్నాడు.

అగ్గిపుల్ల కుప్పుస్వామి వేళ్లను చురుక్కుమనిపించి ఆరింది. బీడీ నేలరాలి, ముద్దుకృష్ణప్ప చెప్పు కింద నుగ్గునుగ్గయింది. ఆకాశాన దుందుభులు మోగలేదు. పూలవాన కురవలేదు. బస్సొచ్చింది.

ఏనాడూ ఎవరికీ ఇవ్వని కిటికీ పక్క సీటును సిద్దమ్మ ఆయనకు వదిలి, ఇవతల కూర్చుంది. ఏకబీడీవిజేత ముద్దుకృష్ణప్పకు అదే పట్టాభిషేకం!