కూత పెడితేనే లేచే బుట్ట

ఒక పెద్ద అడవిలో ఎగరడం చేతకాని పక్షి ఒకటుండేది. అది నేనే. కోడిపుంజుని. పుట్ట మీదికి ఎగిరితేనే ఆయాసపడే నన్ను తెచ్చి విమాన సర్వీసుకు మేనేజరును చేశారు. నెత్తిమీద ఎర్ర తురాయి చూసి, ఇదివరకు ఎక్కడో పెద్ద ఉద్యోగం వెలగబెట్టాననుకున్నారు. నేనూ కాదనలేదు.

మాది చిన్న సర్వీసు. దూర ప్రయాణాలన్నీ గద్దల సర్వీసువి. మేం తాటాకు బుట్టలో నలుగురిని ఏరు దాటిస్తాం. మోసేది ధవళ అనే కొంగా, దాని చెల్లెలూ. పెత్తనం నాది.

రాగానే రెండు రూల్సు పెట్టాను. తెల్లారగానే నేను కూస్తాను, ఆ కూతకు బుట్ట లేవాలి. ఆలస్యానికి కారణమైనవారి ఉద్యోగం ఆ రోజుతో సరి.

మర్నాడే కొంగలు చేపలు తిని తీరిగ్గా వచ్చాయి. వాటిని తీసేస్తే బుట్ట ఎవరు మోస్తారు? అవి వచ్చేదాకా నోరు మూసుకు కూర్చుని, అప్పుడు కూశాను. ఇక రోజూ అదే పని.

"అయ్యా, ఎండకి ఒళ్ళంతా ఎండిపోతోందండీ. ఎప్పుడు లేస్తుందండీ బుట్ట?" అంది క్యూలో ఉన్న కప్ప.

"తెల్లారాక."

"తెల్లారి చాలాసేపైందండీ!"

"నేను కూశానా? మరి తెల్లారిందని నీకెవరు చెప్పారమ్మా?"

ఆ మాటకు ఇప్పుడు సిగ్గుపడుతున్నాను. అప్పుడు మాత్రం భలే అన్నాననుకున్నాను.

ఏడాదిలో ఒక్క ఆలస్యమూ లేదు. మా ఛైర్మన్ ఏనుగుగారు పొద్దెక్కాక గానీ నిద్రలేవరు కాబట్టి పొంగిపోయారు. "రేపు మీరే బుట్టలో రండి. అవతలి గట్టున దండ వేస్తాను" అన్నారు.

ఛైర్మన్‌గారి భయానికి కొంగలు చీకటితోనే వచ్చాయి. కప్ప పక్కన కూర్చుని బుట్టలోంచి తొంగి చూశాను. గట్టు కింద ఏరు సుళ్ళు తిరుగుతోంది. రెక్కలు ముడుచుకుని బుట్ట అడుగుకి నక్కాను.

"కూయండి సార్, లేస్తాం" అంది ధవళ.

నోరు తెరిచాను. గాలి వచ్చింది గానీ కూత రాలేదు. సూర్యుడొచ్చాడు. నడినెత్తికీ వచ్చాడు.

"కంగారు పడకండయ్యా" అంది కప్ప జాలిగా. "మీరింకా కూయలేదుగా, తెల్లారనట్టే."

అవతలి గట్టున ఛైర్మన్‌గారు జీవితంలో మొదటిసారి సూర్యోదయం చూశారు. ఆకలికి ఆగలేక దండ తినేసి, ఏట్లో నడుచుకుంటూ వచ్చారు.

"ఈ ఆలస్యానికి కారణం ఎవరు?"

అందరూ నా వైపు చూశారు. ఛైర్మన్‌గారు నా రూలు నాకే చదివి వినిపించారు. ఇంటికి నడిచే వచ్చాను.

అందుకే మా కోడిపిల్లలకు ఒక్కటే చెబుతుంటాను: ఎగరడం రాకపోయినా ఎంత పైకైనా పోవచ్చు, బుట్ట మాత్రం ఎక్కకండి.