గదిలో మిగిలిన దుమ్ము

పొద్దున్నే తనిఖీ ఆవిడ వస్తుంది, ఫిల్టరు ముందు గొట్టం తిప్పి మీటరులో సున్నా చూపించాలి, ఇంటికొచ్చి పడుకోవాలి. సున్నా మాస్టారు వేసుకున్న పథకం అంతే. గాలి ఫిల్టర్లను పరీక్షించడం అతని పని. ఈసారి సున్నా రాకపోతే గేటు దగ్గర కాపలాయే గతి అని యజమాని తెగేసి చెప్పాడు. పరాయివాడైతే కాళ్లయినా పట్టుకోవచ్చు. ఖర్మకాలి భార్యకు అన్న.

ఆ బెంగతోనే బొమ్మలా నిలబడితే, భార్య మెడకీ చేతులకీ పౌడరు దట్టించింది. "చెమట కంపుతో వెళ్లి మా అన్నయ్య పరువు తీయకండి."

పరీక్ష గదిలో తనిఖీ ఆవిడ, యజమాని, పనివాళ్లు చూస్తుండగా మాస్టారు గొట్టం పట్టాడు. ఫిల్టరు వెనక నుంచి దుమ్ముగాలి కొడుతోంది. దాన్ని దాటి వచ్చిన గాలిలో కంటికి ఆనని రేణువులను మీటరు లెక్కిస్తుంది. నలభై చూపించింది. వంగి చూశాడు. నాలుగు వందలు!

"చిల్లు పడిందా బావా?" అన్నాడు యజమాని.

"ఫిల్టరు బంగారం బావగారూ! ఈ పిన్నే చీర దులుపుతోంది."

"కదిలితే ఒట్టు నాయనా!" అంటూ ఊడ్చే పిన్ని బయటికి నడిచింది. అంకె దిగలేదు. నేరం ఫిల్టర్లకు జిగురేసే మేస్త్రీ దగ్గు మీదికి పోయింది.

"దగ్గు ఆపుకోలేక చస్తుంటే, మళ్లీ నా మీదేనా?" అని అతనూ వెళ్లాడు. మాస్టారు గొట్టం అటూ ఇటూ తిప్పినకొద్దీ అంకె ఎగిరింది. సున్నా మాస్టారికి గేటు కళ్లముందు కదిలింది. తెగించాడు.

"బావగారూ... తమరి మీసాలకేసిన రంగు..."

యజమాని పళ్లు నూరుకుంటూ బయటికెళ్లాడు. అంకె వెయ్యి దాటింది.

"నన్ను గెంటకముందే నేనే వెళ్తానండీ," అని తనిఖీ ఆవిడ లేచింది. తలుపు దగ్గర ఆగి అక్కడ అంటించిన కాగితం చదివింది. "పౌడరు పూసుకున్నవారు లోపలికి రాకూడదు. ఇది ఎవరు రాశారు?"

"నేనేనండీ," అన్నాడు మాస్టారు, కాస్త గర్వంగా.

ఆవిడ అతని మెడ వైపు చూసింది. "ఆ గొట్టం స్టాండుకి తగిలించి, మీరు కూడా రండి."

అందరూ అద్దంలోంచి చూస్తుండగా, ఖాళీ గదిలో అంకె జారి జారి సున్నా దగ్గర ఆగింది. ఆవిడ సరుకు పంపమని చెప్పి వెళ్లిపోయింది.

"సున్నా వచ్చింది కదా బావగారూ!"

"వచ్చింది బావా. నువ్వు బయటికొచ్చాక వచ్చింది."

సంగతంతా విని భార్య నిట్టూర్చింది. "గేటు దగ్గరైతే ఎండ. రేపట్నుంచి పౌడరు ఇంకాస్త ఎక్కువే పట్టాలి."