గంజ్‌లో టక్కుమన్న కారు

మరదలి గృహప్రవేశానికి పదింటికల్లా మన్నాఏఖేళ్ళి చేరాలని వెంకట్‌రావు ఆ ఉదయం గట్టిగా అనుకున్నాడు. దారిలో గాంధీ గంజ్ ధాన్యం బజారులోని తన పప్పుల దుకాణం ముందు కారు ఆపాడు. హమాలీ సిద్దుకు ఒక్క మాట చెప్పి వద్దామని తాళంచెవి తీసుకుని దిగాడు. పట్టుచీర కట్టుకున్న భార్య విమలాదేవి ముందు సీట్లోనే ఉండిపోయింది.

తలుపు వేశాడో లేదో నాలుగు తలుపులకూ టక్కున లాక్ పడింది. రిమోట్ నొక్కాడు. తెరుచుకుంది. చెయ్యి పిడి మీద పడేలోగా మళ్లీ మూసుకుంది. తాళంచెవి పెట్టి తిప్పినా అదే వరస. అద్దాలు రెండు వేళ్ల సందు మాత్రమే దిగి ఉన్నాయి. ఎండ ఎక్కుతోంది.

"విమలా, తియ్యవే!"

"తీస్తనే ఉన్న! అదే పడుతాంది!"

లారీ దగ్గరున్న సిద్దుకు ఆమె మాట వినపడలేదు. సావుకారు తెరవడం, అమ్మ మూసెయ్యడం మాత్రమే కనపడింది. "అమ్మకు గుస్సా వచ్చింది" అన్నాడు పక్కవాడితో. ఆ మాట గంజ్ చివరి దుకాణం చేరేసరికి విమలాదేవి పుట్టింటికి పోతోందని తేలిపోయింది. నమ్మనివాళ్లు కూడా పట్టుచీర చూసి నమ్మారు.

వెంకట్‌రావు కార్ల ఎలక్ట్రీషియన్ ఎస్తర్‌కు ఫోన్ చేసి పెట్టేసేలోగా చుట్టూ నలభై మంది చేరారు. ఎదురు దుకాణం ప్రకాశ్ భుజం మీద చెయ్యి వేశాడు.

"ఏం చేసినవ్ యార్?"

"నేనేం చెయ్యలే! లాక్ ఖరాబైంది!"

"అందరు గట్లనే అంటరు. మాఫీ అడుగు, జల్దీ!"

జనం కదలలేదు. వెంకట్‌రావు అద్దం సందు దగ్గర వంగి "తప్పైందే" అన్నాడు.

"ఏం తప్పో చెప్పు!" అని వెనక నుంచి అరిచారు.

లోపల విమలాదేవి చెమట తుడుచుకుంటూ ఆయన్నే చూస్తోంది. ఆమెను చూశాక ఆయనకు అది నవ్వులాటలా అనిపించలేదు.

"నాకు కామెర్లైనప్పుడు మూడు నెలలు నువ్వే దుకాణంల కూసున్నవ్. పొద్దున పథ్యం వండి, పగలు బేరాలు చూసినవ్. నేను బతికిన, దుకాణం బతికింది. పన్నెండేండ్లాయె, ఒక్కనాడు నీకు మంచిమాట చెప్పలే. అదే తప్పు."

సిద్దు తువ్వాలుతో ముక్కు తుడుచుకున్నాడు.

అప్పుడే ఎస్తర్ స్కూటర్ దిగింది. "అక్క, స్టీరింగ్ కింద లివరుంటది, గుంజు" అంది. బానెట్ తెరుచుకుంది. ఎస్తర్ బ్యాటరీ వైరు పీకగానే టక్‌టక్‌లు ఆగాయి. తాళంచెవి తిప్పితే తలుపు బుద్ధిగా తెరుచుకుంది. డ్రైవర్ తలుపు మడత దగ్గరి రబ్బరు గొట్టం వెనక్కి లాగి చూపించింది. "అన్నా, తలుపు తీసి వేసి, తీసి వేసి లోపలి వైర్లు అరిగినయ్. ఒకటికొకటి తాకుతున్నయ్. లాక్ వేయమన్నట్టే బండికి అనిపిస్తాంది."

అరిగిన వైర్లు కొత్తగా అతికి, టేపు చుట్టడానికి ఇరవై నిమిషాలు పట్టింది. జనానికి నిజం తెలిసింది. ప్రకాశ్ నాలుక కరుచుకున్నాడు. వెంకట్‌రావు ఎస్తర్‌కు రెండు చేతులూ జోడించాడు.

"గట్టిగనే అతికిన అక్కా, ఇగ లాక్ మళ్ల పడదు" అంది ఎస్తర్.

"అయ్యో, అట్లనా!" అంది విమలాదేవి, మొగుడి వంక చూసి నవ్వుతూ.