తియ్యని మెకానిక్కులు

లిఫ్టులు బాగుచేసే ఆ కంపెనీలో ఉద్యోగుల పనితీరు అమోఘంగా పెరిగిందని ఇందుమూలంగా తెలియజేయడమైనది. లిఫ్టులు మాత్రం మునుపటికన్నా ఎక్కువగా ఆగుతున్నాయి. అది వేరే సంగతి.

ఈ ఘనతంతా సిబ్బంది అధికారిది. మరమ్మతు ఎవడైనా నేర్పుతాడు, మంచి వ్యక్తిత్వం ఎవడు నేర్పుతాడని ఆయన వాదన. అంచేత ఇంటర్వ్యూలో మోటారు ఊసే ఎత్తేవారు కాదు. అభ్యర్థి క్షమాపణ చెప్పాలి, అంతే. గొంతులో తడి ఉంటే ఉద్యోగం. పని వచ్చి కూడా మొహం గంటు పెట్టుకునే పాతవాళ్లని సాగనంపేశారు. దాంతో ఫిర్యాదులు నిలిచిపోయాయి. ఫిర్యాదు లేకపోవడమే పనితీరని ఛైర్మనుగారు ఏనాడో సెలవిచ్చి ఉన్నారు. అంత తియ్యగా మాట్లాడే మనిషి మీద ఫిర్యాదు చేయడానికి ఎవరికి నోరొస్తుంది? జనం ఆయాసపడుతూ మెట్లెక్కి, పైకి చేరాక, పాపం మంచివాడు అనుకునేవారు.

ఇంతలో జనరల్ మేనేజరు కుర్చీ ఖాళీ అయింది. అధికారి కన్ను దాని మీదే. ఛైర్మనుగారు ఒక నివాస భవనానికి తనిఖీకొస్తే, తనే దగ్గరుండి లిఫ్టు ఎక్కించి, తనూ ఎక్కాడు. అది సగం దూరం వెళ్లి ఠక్కున ఆగింది. దీపం ఆరింది. తలుపవతల మెకానిక్కు గొంతు వినబడింది.

"సార్, మీరెంత ఇబ్బంది పడుతున్నారో నాకర్థమవుతోంది. నా మనసు తరుక్కుపోతోంది."

"ముందు తలుపు తియ్యవయ్యా," అన్నాడు అధికారి.

"అది మాకు నేర్పలేదు సార్. మీతోనే ఉంటాను, ఎక్కడికీ వెళ్లను."

కుర్చీ పోయినట్టే అనుకున్నాడు అధికారి. ఛైర్మనుగారు చీకట్లో గొంతు సవరించుకున్నారు.

"చూశారా, మానవత్వమంటే ఇదీ. యంత్రం మనల్ని వదిలేసింది, మనిషి వదల్లేదు. ఇలాంటివాళ్లని ఏరి తెచ్చిన మీకు కాక ఆ కుర్చీ ఇంకెవరికిస్తానండీ?"

అధికారి కళ్లు చెమ్మగిల్లాయి. గాలాడక కూడా కావచ్చు.

చివరికి అగ్నిమాపక సిబ్బంది వచ్చారు. వాళ్లలో ఒకామె గడ్డపారతో తలుపు పెకలించింది. "ఊఁ, చూస్తారేంటి, రండి బయటికి. దీనికేనా ఇంత గోల?" అని విసుక్కుంటూ ఇద్దరినీ రెక్కపట్టి లాగింది.

ప్రాణం కుదుటపడగానే కొత్త జనరల్ మేనేజరు చేసిన మొదటి పని, ఆమె మాటతీరు మీద ఫిర్యాదు రాయడం. భవనంలో వాళ్లంతా పోటీలు పడి సంతకాలు పెట్టారు. మెకానిక్కుకి చప్పట్లు కొట్టి, మెట్లెక్కి ఇళ్లకి పోయారు. మీరేం మొహమాటపడకండి, మీ సంతకం కూడా అక్కడే ఉంది.