ధరల గడి

పెళ్ళిరోజు పొద్దున్నే అచ్చాఫీసు ప్రూఫ్‌రీడరు గారు తన ఎర్ర పెన్సిలు భార్య చేతిలో పెట్టి మాట ఇచ్చారు. ఇవాళ ఎవరి తప్పూ దిద్దరు, ఎవరితోనూ గొడవ పడరు. ఈ రోజున ఆవిడని బయట భోజనానికి తీసుకెళ్తానని పంతొమ్మిదేళ్ళుగా చెబుతూనే ఉన్నారు, ఏటా ఏదో అర్జెంటు పని అడ్డుపడుతూనే ఉంది. నిరుడైతే ఆవిడ ముస్తాబై, సాయంత్రం దాకా గుమ్మంలోనే కూర్చుంది.

"ఈ ఒక్క పూట నోరు మూసుకుని భోంచెయ్యండి. నాకింకే కానుకా వద్దు," అందావిడ, పెన్సిలు సంచిలో వేసుకుంటూ.

"నోరు మూసుకుని ఎలా భోంచేస్తారే?"

"అదిగో, మొదలెట్టారు!"

హోటల్లో ఇరవై నిమిషాలపాటు వాళ్ళని పట్టించుకున్న పాపాన ఎవరూ పోలేదు. గోడకి ఆనుకున్న ఇద్దరు సర్వర్లలో ఒకతను "ఈ టేబులు నాది కాదండీ" అన్నాడు. రెండో అతను "నాదీ కాదు" అన్నాడు, కానీ జాలిపడి మెనూ ఒకటి పడేసి వెళ్ళాడు. ప్రూఫ్‌రీడరు గారు అలవాటు కొద్దీ దాన్ని అట్ట నుంచి అట్ట దాకా చదివారు. ధరల గడి ఉంది, ధరలు లేవు. చెయ్యి దానంతటదే జేబులోకి వెళ్ళింది. ఆవిడ కళ్ళతోనే వద్దంది.

"సూపు ఎంత బాబూ?" అని మెల్లగా అడిగారు.

"ముందు తాగండి సార్, ఎంతో తరవాత చూద్దాం."

"తాగాక తెలిస్తే ఏం లాభం?"

"తాగకపోతే రుచెలా తెలుస్తుంది సార్?"

చవగ్గా పోతుందని రెండు సూపులు, వట్టి అన్నం చెప్పారు. అక్కడే పప్పులో కాలేశారు. వట్టి అన్నం ఇవ్వరట, కూర తీసుకోవాలట. అడక్కుండా వేరుశనగల పళ్ళెం వచ్చింది. ఉచితమేనా అంటే సర్వరు నవ్వాడు. ఆ నవ్వుకి హడలిపోయి తిప్పి పంపితే, నచ్చలేదేమోనని ఇంకో పళ్ళెం వేయించి తెచ్చారు. సూపు చల్లారిందంటే వేడి చేసి తెచ్చేసరికి అన్నం చల్లారింది. పైన ఫ్యాను తిరగకపోతే కిటికీ పక్కకి మారారు.

"బావుందండీ," అందావిడ, బయటికి చూస్తూ. ఈ సంతోషం బిల్లు వచ్చేదాకా నిలిస్తే చాలనుకున్నారాయన.

బిల్లు వచ్చింది. రెండు పళ్ళేలూ ఉన్నాయి. సూపు మళ్ళీ వేడి చేసినందుకు కొంత, కిటికీ పక్కన కూర్చున్నందుకు కొంత. అట్టడుగున 'ఇతరములు' అని అన్నిటికన్నా పెద్ద అంకె. ఇతరములంటే ఏమిటో సర్వరుకీ తెలియదు.

పొద్దున్న ఇచ్చిన మాట గాలికి పోయింది. "ఓనరెక్కడ?" అని లేచారాయన. "ధరలు లేని మెనూ ఎక్కడైనా ఉంటుందా? అచ్చేసినవాడి సంగతి సరే, ప్రూఫు చూసినవాడికి కళ్ళున్నాయా అసలు?"

హోటలంతా స్పూన్లు ఆపి చూసింది. ఆవిడ తల దించుకుంది.

పరిగెత్తుకొచ్చిన ఓనరు మాత్రం తెగ సంబరపడ్డాడు. "అలా అడగండి సార్! రేట్లు మారాయి, కొత్తవి రేపు చెప్తానన్నాను. ఆగకుండా నలభై కాపీలు అచ్చేసి పంపేశారు. ఏడాదిగా నా మొర వినే నాథుడే లేడు!"

సొరుగులోంచి ప్రూఫు కాగితం తీసి పరిచాడు. ధరల మీద పైనుంచి కిందిదాకా ఒకటే ఎర్రగీత. పక్కన గుండ్రటి దస్తూరీ: 'ధరలు ఖరారు కాలేదు. తీసేయాలి.' కింద సంతకం.

రోజుకి యాభై కాగితాలు దిద్ది సాయంత్రానికి అన్నీ మరిచిపోయే మనిషే అయినా, తన సంతకాన్ని ఎలా మరిచిపోతారు? గబుక్కున దాన్ని అరచేత్తో కప్పేశారు. దాని కింద తేదీ మిగిలిపోయింది. ఆవిడ చదివేసింది. నిరుటి పెళ్ళిరోజు.

"నిరుడు మీరు రానిది దీనికోసమా?"

ఆ గొంతులో కోపం లేదు. కోప్పడినా బాగుండేదని ఆయనకి ఏడుపొచ్చినంత పనయింది. "అర్జెంటన్నారు..." అని గొణిగారు.

ఓనరుకి సంగతి బోధపడింది. తిట్టలేదు, బిల్లు మాఫీ చెయ్యనూ లేదు. నలభై మెనూలూ తెచ్చి టేబులు మీద పేర్చాడు. "రేట్లు చెప్తాను, మీరే చేత్తో వేసిపెట్టండి. ఇతరములు కొట్టేస్తాను."

ఆవిడ సంచిలోంచి ఎర్ర పెన్సిలు తీసి భర్త ముందు పెట్టింది. కిటికీ పక్క కుర్చీలో సర్దుకుని కూర్చుంది.

"ముందు ఐస్‌క్రీం రేటు వెయ్యండి. చూసుకుని చెప్తాను."

ఆవిడ మూడు రకాలు తినేదాకా, పొద్దువాలేదాకా, ఆయన తలెత్తకుండా అంకెలు వేస్తూనే ఉన్నారు. వేస్తూ వేస్తూ నలభై మెనూలూ గాలించారు గానీ, అక్షరదోషం ఒక్కటీ దొరకలేదు.