మూడో ఫోన్ దాకా ఆగాలి

ఆ మంగళవారం పొద్దున స్పందన వేసుకున్న పథకం చాలా చిన్నది. మహబూబాబాద్‌లో రైలెక్కాలి, జనగామలో దిగాలి, అక్కడి ప్రైవేటు కాలేజీలో ఇంటర్వ్యూ ముగించుకుని సాయంత్రానికి ఇల్లు చేరాలి. స్టాటిస్టిక్స్‌లో ఎమ్మెస్సీ చేసి, గణాంకాల విశ్లేషణకు వాడే ఆర్ అనే కంప్యూటర్ భాష నేర్చుకున్న స్పందన, ఏడు నెలలుగా ఆన్‌లైన్‌లో ఆర్ ఉద్యోగాలు వెతుకుతోంది. తొంభై మూడు దరఖాస్తులు పెట్టింది. అన్నింటిలోనూ రెండో నంబరుగా తండ్రి రఘునాథ్‌ది రాసింది. ఆ ఇంట్లో గ్యాస్ బుకింగ్ మొదలు ఏ కాగితమూ మిర్చి దుకాణం నంబరు లేకుండా బయటికి పోదు.

రైలు కదిలింది. స్పందన ఫోన్‌లో సిగ్నల్ పోయింది. దుకాణంలో ఫోన్ మోగింది.

“హైదరాబాద్ నుంచి నిరంజన్‌ని సార్. స్పందన గారు మా కంపెనీకి సెలెక్టయ్యారు. సోమవారం భూపాలపల్లి ఆఫీసులో చేరాలి.”

రఘునాథ్ సంతోషంతో లేచి, భూపాలపల్లి అనగానే మళ్ళీ కూర్చున్నాడు. బిడ్డకు నౌకరీ రావాలి, బిడ్డ ఇల్లు దాటకూడదు. ముప్పై ఏళ్ళుగా మిర్చి అమ్ముతున్న మనిషికి తెలిసిన మార్గం ఒక్కటే: మొదటి మాటకు ఒప్పుకోకూడదు, రెండో మాటకు మొహం చిట్లించాలి, మూడో మాటకు పోనీలెమ్మని మెత్తబడాలి.

“చూస్తం సార్. జనగామోళ్ళు గూడ అడుగుతున్నరు. పిల్ల ఆడికే పోయింది,” అని ఫోన్ పెట్టేశాడు.

టిఫిన్ డబ్బా తెచ్చిన భార్య లీలావతి నోరు తెరిచింది. “ఏడు నెలల సంది ఎదురుచూస్తే, వచ్చిన ఫోను గిట్ల పెట్టేస్తవా?”

“జర ఆగు. మల్ల చేస్తడు.”

గంటన్నరకు నిజంగానే చేశాడు. “జనగామలో ఏ కంపెనీ సార్? నెట్‌లో కనబడట్లేదు.”

“పెద్దోళ్ళు. బయటికి చెప్పుకోరు.”

“ఏమిస్తామంటున్నారు?”

“ఇంట్ల కూసొని చెయ్యమంటున్నరు. ఊరు దాటే పనే లేదట,” అంటూ రఘునాథ్ మళ్ళీ పెట్టేశాడు.

నిరంజన్ చెమటలు తుడుచుకుంటూ మేనేజర్ కల్పన దగ్గరికి పరుగెత్తాడు. నెట్‌లో కూడా దొరకని కంపెనీ అంటే చాలా పెద్దదే అయి ఉంటుందని ఆవిడ తేల్చింది.

ఇక్కడ దుకాణంలో లీలావతికి ఓపిక చచ్చిపోయింది. నిరంజన్ నంబరు చీటీ మీద రాసుకుని, బస్తాల వెనక్కి వెళ్ళి కూతురికి ఫోన్ చేసింది. స్పందన అప్పుడే జనగామలో దిగింది.

“బిడ్డా, నీకు నౌకరీ వచ్చింది. మీ బాపు దాన్ని బేరానికి పెట్టిండు. ఆ సారు రెండుసార్లు చేస్తే రెండుసార్లు పెట్టేసిండు!”

స్పందన ప్లాట్‌ఫారం మీదే నిలబడి నిరంజన్‌కు ఫోన్ కలిపింది.

“సార్, మా బాపు మాటలు పట్టించుకోకండి. జనగామలో కంపెనీ లేదు, ఏం లేదు. అది కాలేజీ. నేనింకా స్టేషన్ కూడా దాటలేదు. భూపాలపల్లే కాదు సార్, ఎక్కడంటే అక్కడ చేరుతా!”

అటువైపు ఏదో కాగితం మడిచిన చప్పుడు.

“మేడం, ఇంటి నుంచే పని చేసుకోవచ్చని చెప్పడానికి మీ నాన్నగారి నంబరు నొక్కుతున్నానిప్పుడే. కల్పన గారు సంతకం కూడా పెట్టేశారు.”

“అయ్యో...”

“ఏం పర్లేదు మేడం. భూపాలపల్లిలో మనిషి లేక మాకూ ఇబ్బందిగానే ఉంది. సోమవారం కలుద్దాం.”

దుకాణంలో మూడో ఫోన్ మోగింది. రఘునాథ్ నాలుగుసార్లు మోగనిచ్చి, గొంతు సవరించుకుని ఎత్తాడు.

“బాపు, నేను. భూపాలపల్లికి ఒప్పుకున్న.”

“ఇంకొక్క ఫోను ఆగితే ఏం పోతుండెనే బిడ్డా?” అన్నాడు రఘునాథ్. గొంతులో బేరగాడెక్కడా లేడు.

ఏం పోయిందో స్పందనకు తెలుసు. ఆయన తట్టుకోలేడని ఆ సంగతి చెప్పలేదు.

“ఆదివారం ఆదివారం వస్త తియ్యి బాపు,” అంది.

మరునాడు స్పందన బట్టలు సర్దుకుంటుంటే, రఘునాథ్ దుకాణంలో కూర్చుని ఒంటి వేలితో ఆర్ ఉద్యోగాలు వెతికాడు. మహబూబాబాద్‌లో ఏమీ లేవనీ, దగ్గరలో భూపాలపల్లిలో ఒకటి ఉండేదనీ, అది నిన్ననే భర్తీ అయిందనీ వెబ్‌సైట్ విచారంతో తెలియజేసింది.